శరత్కాలపు పండ్ల పంచ్

వానలు వెలిసి ఆకాశము తేటపడినది. ఆశ్వయుజ కార్తీక మాసములు తెలుగు ఇండ్లలో బంధుమిత్రుల రాకపోకలకు పెట్టినది పేరు. దసరాకు వచ్చిన ఆడపడుచులు, దీపావళికి వచ్చిన అల్లుళ్లు, సెలవులకు విదేశములనుండి వచ్చిన పిల్లలు, ఇరుగుపొరుగువారు కలిసి ఒక్కొక్క సాయంత్రము పది పన్నెండుమంది కూడుట కద్దు. వచ్చినవారికి కాఫీయో, మజ్జిగయో, నిమ్మకాయ నీరో ఇచ్చుట మనకు తరతరముల అలవాటు. ఇటీవల నగరములలోని కొన్ని ఇండ్లలో, పండ్ల రసమును వైనుతో కలిపి చల్లగా ఇచ్చెడి 'పంచ్' అను పానీయము కూడ ఆ మర్యాదలలో చేరినది.

దీనిని గూర్చి మమ్ము అడిగెడివారు "ఎట్లు చేయవలెను?" అని మాత్రమే అడుగుదురు. అది అరగంటలో నేర్వదగిన పని. అడుగవలసిన ప్రశ్న మఱియొకటి కలదు. పన్నెండుమంది అతిథులలో ఆరుగురు మద్యము ముట్టనివారైనపుడు, ఎవ్వరికిని లోటు గాని మోసము గాని జరుగకుండ ఈ పానీయమును ఎట్లు చేయవలెను? ఈ రెండు ప్రశ్నలకును సమాధానము ఒక్కటియే: మొదట వైను లేకుండ పానీయమును సంపూర్ణముగ సిద్ధము చేసికొనవలెను, వైనును కడపట, సగము పాత్రలో మాత్రమే కలుపవలెను.

ఇది మేము కల్పించిన పద్ధతి కాదు. పంచ్ యొక్క పుట్టుకయే మనకు ఈ సంగతిని తెలుపుచున్నది. ఈ మాట ఆంగ్లమున మొట్టమొదట కనబడుట 1632వ సంవత్సరపు సెప్టెంబరు నాటి ఒక లేఖలో. ఒక ఆంగ్లేయుడు తన మిత్రుడైన వర్తకునకు వ్రాసిన ఆ లేఖ ఏ లండను నగరమునకో పోలేదు. అది మన కోస్తాలోని పెట్టపోలికి, అనగా నేటి బాపట్ల జిల్లాలోని నిజాంపట్నమునకు పోయినది. ఆంగ్ల వర్తకుల 'గ్లోబ్' అను ఓడ 1611లో మచిలీపట్నమునకు వచ్చుటకు ముందు ఆ రేవుననే ఆగినది. స్వదేశమునుండి తెచ్చుకొన్న బీరును వైనును ఓడ ప్రయాణములో, ఎండవేడిమికి చెడిపోవుచుండుటచేత, ఆ వర్తకులును నావికులును ఇక్కడ దొరకు సారాను నిమ్మరసముతోను, చక్కెరతోను, నీటితోను, సుగంధద్రవ్యములతోను కలిపి త్రాగ నేర్చిరని చరిత్రకారులు చెప్పుదురు.

వస్తువులు అయిదగుటచే 'పంచ' శబ్దమునుండి ఈ పేరు వచ్చినదని 17వ శతాబ్దమున మన దేశమున సంచరించిన జాన్ ఫ్రయర్ అను వైద్యుడు వ్రాసెను. ఇది పీపాకు ఆంగ్లమున గల 'పంచన్' అను మాట కుదింపని వాదించు పండితులును కలరు. పేరు ఎట్లు వచ్చినను వస్తువుల లెక్క మాత్రము చక్కగా సరిపోవుచున్నది: పులుపు, తీపి, నీరు, సుగంధము, మద్యము. తరువాతి కాలమున ఇది ఇంగ్లండు చేరి, సారాకు బదులు రమ్ము, బ్రాందీ, వైను పోసికొని అనేక రూపములను దాల్చినది.

ఇప్పుడు మన శ్రీరామనవమి పానకమును తలచుకొందము. బెల్లము, నీరు, మిరియము, ఏలకి. కొందఱు నిమ్మరసము కూడ పిండుదురు. అయిదింటిలో నాలుగు అందు కలవు. ఆ నాలుగింటితోనే అది పరిపూర్ణమైన పానీయము. దేవునికి నివేదించదగినది, పసివానికి ఇవ్వదగినది. కాగా పంచ్‌లో అయిదవ వస్తువు లేనంతమాత్రమున మిగిలిన నాలుగును వట్టి నీళ్లు కావు. ఈ సంగతి మఱచిన గృహస్థులు వైను గల పాత్రను శ్రద్ధతో అలంకరించి, త్రాగనివారి చేతిలో ఒక సోడాసీసా పెట్టి ఊరకుందురు. అది మర్యాద కాదు.

అంతకన్న పెద్ద పొరపాటును మేము కన్నులార చూచితిమి. కొన్ని సంవత్సరముల క్రిందట కార్తీకమాసమున ఒక విందుకు పోయియుంటిమి. బల్లపై పెద్ద గాజుపాత్రలో ఎఱ్ఱని పానీయము, అందు దానిమ్మగింజలు, ఆపిలు ముక్కలు కన్నులపండువుగ తేలుచుండెను. మూలన కూర్చున్న ఒక పెద్దమనిషికి గ్లాసు అందలేదని గమనించి, ఆ యింటి కుఱ్ఱవానితో "తాతగారికి ఈయవోయి" అని మేమే చెప్పితిమి. వాడు "పండ్లరసము, తాతగారూ" అని అందించెను. వాని మాటలో కపటము లేదు; వానికి తెలియదు. పెద్దాయన సగము త్రాగి, గ్లాసును మెల్లగ క్రిందపెట్టిరి. ఆయన ఆ మాసమంతయు నియమముతో నున్నవారు. ఎవ్వరిని ఒక్క మాటయు అనలేదు. చేతికఱ్ఱ తీసికొని, "ప్రొద్దుపోయినది, పోయివత్తును" అని వెడలిపోయిరి. పాత్రలో ఏమున్నదో మేమును అడిగియుండలేదు. ఆ తప్పులో మా పాలు మాకు కలదు. ఆనాటినుండియే ఈ రెండు పాత్రల పద్ధతి మా యింట ఆచారమైనది.

ఇక పండ్ల మాట. శరత్కాలమున మన అంగళ్లలో బత్తాయి, దానిమ్మ, జామ, సీతాఫలము సమృద్ధిగ దొరకును. హిమాచల్, కాశ్మీరములనుండి క్రొత్త ఆపిళ్లును, బేరిపండ్లును వచ్చును. వీనిలో సీతాఫలము ఎంత మధురమైనను పంచ్‌కు తగదు. దాని గుజ్జు పానీయమును మడ్డిగ చేయును. జామయు మిగుల పండినచో అంతే. బత్తాయి రసమునకు, దానిమ్మ రంగునకు, ఆపిలు బేరిపండ్లు నమలుటకు అనుకూలములు.

పన్నెండుమందికి కావలసిన వస్తువులు ఇవి. బత్తాయిలు ఆరు, వీనిలో అయిదింటినుండి సుమారు అర లీటరు రసము వచ్చును, ఆరవదానిని చక్రములుగ తరుగవలెను. నిమ్మకాయలు నాలుగైదు, 100 మిల్లీలీటర్ల రసము రావలెను. చక్కెర 250 గ్రాములు, నీరు అర లీటరు, రెండంగుళముల దాల్చినచెక్క, లవంగములు ఆరు, అంగుళము అల్లము. ముక్కలకు ఆపిళ్లు రెండు, బేరిపండు ఒకటి, దానిమ్మ ఒకటి. ఒక పాత్రకు 750 మిల్లీలీటర్ల ఎఱ్ఱవైను సీసా ఒకటి, రెండవ పాత్రకు అంతే కొలత దానిమ్మరసము. ఇంటనే తీసినచో ఆ రసమునకు ఆరేడు పెద్దపండ్లు పట్టును. చల్లని సోడా 900 మిల్లీలీటర్లు.

మొదట రెండు బత్తాయిలను కడిగి, పై తొక్కను పలుచగ చెక్కవలెను. తొక్క క్రింది తెల్లని భాగము రాకూడదు; చేదంతయు అందే యున్నది. ఈ చెక్కులను చక్కెరలో వేసి చేతితో నలిపి ఒక గంట ఉంచినచో, చక్కెర తొక్కలోని తైలమును పీల్చుకొని తడియై పరిమళించును. పండు యొక్క సువాసన రసములోకన్న తొక్కలోనే ఎక్కువయని అప్పుడు తెలియును. తరువాత నీటిలో దాల్చినచెక్క, లవంగములు, చితుకగొట్టిన అల్లము వేసి పది నిమిషములు సన్నని సెగపై మరుగనిచ్చి, ఈ చక్కెరను అందు కరగించి, చల్లార్చి వడగట్టవలెను. ఈ పాకమును ముందునాడే చేసి ఉంచుకొనవచ్చును.

బత్తాయిరసమును మాత్రము ముందునాడు తీయరాదు. తీసినపుడు తియ్యగనున్న రసము నిలువయున్నకొలది చేదెక్కుట ఈ పండు స్వభావము. కావున విందునాటి సాయంత్రమే, గింజలు నలుగకుండ పిండి, నిమ్మరసముతో సహా పాకమున కలుపవలెను. ఆపిలు, బేరి ముక్కలు గాలి తగిలినంతనే నల్లబడును గాన, తరిగిన వెంటనే కొంచెము నిమ్మరసము చల్లవలెను. పులుపు ఆ మార్పును ఆపును. ఈ పని అంతయు గాజు, పింగాణి, స్టెయిన్‌లెస్ స్టీలు పాత్రలలో చేయవలెను. ఇంటిలో అందమైన ఇత్తడి గంగాళమున్నను దానిని వాడరాదు. పులుపు తగిలిన రాగి, ఇత్తడి పాత్రలు చిలుమెక్కి పానీయమును విషతుల్యము చేయును.

ఇప్పుడు సుమారు 1200 మిల్లీలీటర్ల రసము సిద్ధమైనది. ఇంతవఱకు ఇది పసివారికిని, పెద్దలకును, నియమస్థులకును సమానముగ త్రాగదగినది. దీనిని రెండు సమభాగములు చేయవలెను. ఒక పాత్రలో 600 మిల్లీలీటర్ల రసమునకు చల్లని దానిమ్మరసము సీసాడు, రెండవదానిలో చల్లని వైను సీసాడు పోయవలెను. పండ్లముక్కలను రెంటికిని సమముగ పంచవలెను. అతిథులు కూర్చున్న తరువాత ఒక్కొక్క పాత్రలో 450 మిల్లీలీటర్ల సోడా పోయవలెను. ముందే పోసినచో దాని పొంగు చచ్చిపోవును. మంచును చిన్న ముక్కలుగ కాక, ఒక గిన్నెలో గడ్డకట్టించి పెద్దగడ్డగ వేయుట మేలు. పెద్దగడ్డ మెల్లగ కరగును, పానీయము పలుచబడదు. దుకాణమున కొన్న దానిమ్మరసము ముందే తీపియైనదైనచో చక్కెరను తగ్గించుకొనవలెను. మధుమేహము కలవారికి మాత్రము రెండు పాత్రలును తగవు. వారికి ఉప్పు వేసిన నిమ్మరసము సిద్ధముగ నుంచవలెను.

ఈ లెక్కలో రెండు పాత్రలును ఒక్కొక్కటి 1800 మిల్లీలీటర్లు, అనగా 150 మిల్లీలీటర్ల గ్లాసులు పన్నెండేసి అగును. వైను నూటికి 12 పాళ్ల మద్యసారము కలదైనచో, సీసాలో 90 మిల్లీలీటర్ల మద్యసారము ఉండును. పాత్రలో అది నూటికి 5 పాళ్లగును. ఒక్కొక్క గ్లాసున ఏడున్నర మిల్లీలీటర్లు. ఇది స్వల్పమేయని తోచవచ్చును. కాని తీపియు, చల్లదనమును మద్యము యొక్క ఘాటును కప్పివేయును. త్రాగువాడు నాలుకను నమ్మి గ్లాసులను లెక్కపెట్టడు. కావున లెక్క గృహస్థుడే చూచుకొనవలెను. మనిషికి రెండు గ్లాసులు చాలును. వెంట తినుటకు ఏదైన నుండవలెను. మన మోటారు వాహనముల చట్టము ప్రకారము 100 మిల్లీలీటర్ల రక్తమున 30 మిల్లీగ్రాములకు మించి మద్యసారమున్నవాడు బండి నడుపుట నేరము. బండి నడుపవలసినవారికి మొదటి పాత్రయే తగినది. తెలుగు రాష్ట్రములు రెంటను 21 సంవత్సరములు నిండనివారికి మద్యము నిషిద్ధము. గర్భిణులకును, నిద్రమాత్రలవంటి మందులు వాడువారికిని ఇది కూడదు.

ఒక సంగతి తఱచుగ ఎవ్వరికిని తోచదు. వైనులో నానిన పండ్లముక్కలు వైనును పీల్చుకొనును. పెద్దలు త్రాగి వదలిన గ్లాసుల అడుగున ఎఱ్ఱని ఆపిలు ముక్కలు చూచి పిల్లలు చేతులు పెట్టుట సహజము. ఆ గ్లాసులను అప్పటికప్పుడు తీసివేయవలెను.

రెండు పాత్రలును రంగునకు ఇంచుమించు ఒక్కటియే. అదియే వీని అందము. త్రాగనివాడు నలుగురిలో వేఱుగ కనబడడు. అదియే వీని ప్రమాదము కూడ. అందుచేత రెంటిని ఒకే బల్లపై ఉంచరాదు. వైను లేని పాత్రలో పుదీనా ఆకులు తేల్చవలెను, రెండవదానిలో వేయరాదు. వైను పాత్రకడ పెద్దవారొకరు నిలిచి వడ్డింపవలెను, పిల్లలచేత పంపరాదు. అన్నిటికంటె ముఖ్యము, గ్లాసు అందించునపుడు అందేమున్నదో నోటితో చెప్పవలెను. "వైను కలిసినది" అని చెప్పుటకు సిగ్గుపడు ఇల్లు ఆ పానీయమును చేయకుండుటయే మేలు.

మేము పైని చెప్పిన యింటివారు మరుసటి సంవత్సరము దీపావళికి రెండు పాత్రలు పెట్టిరి. పెద్దాయన వచ్చిరి. పుదీనా వేసిన పాత్రనుండి గ్లాసు తెచ్చిన కుఱ్ఱవానిని "ఇందులో ఏమున్నది నాయనా?" అని అడిగిరి. వాడు వ్రేళ్లు మడచుచు బత్తాయి, నిమ్మ, దానిమ్మ, అల్లము, దాల్చినచెక్క, లవంగము, చక్కెర, సోడా అని వరుసగ అప్పగించెను. ఆయన విని, గ్లాసు పుచ్చుకొని, ప్రక్కనున్న కుర్చీని చూపి వానిని కూర్చుండుమనిరి.