బయానా ఇచ్చారు సరే... డీజే బండి వస్తుందా?

లగ్గం పెట్టుకున్న ఇంట్లో ఒకప్పుడు చుట్టాలు ముందుగా అడిగే మాట "సన్నాయి వాళ్ళకు చెప్పారా?" అని. ఇప్పుడు "డీజే మాట్లాడారా?" అని అడుగుతున్నారు. కరీంనగర్ జిల్లా పల్లెల్లో డీజే లేని బరాత్ అరుదైపోయింది. పందిరి, వంటలు, ఫొటోల సరసన డీజే కిరాయి కూడా పెళ్ళి లెక్కలో చేరిపోయింది. అయితే వంటవాణ్ణి నలుగురిని విచారించి కుదుర్చుకునే పెళ్ళిపెద్దలు, డీజే విషయంలో మాత్రం సెల్‌ఫోనులో రెండు నిమిషాల వీడియో చూసి బయానా చేతిలో పెట్టి వస్తున్నారు. తీరా పెళ్ళి రోజున ఇబ్బందుల పాలవుతున్నారు.

డప్పులు, సన్నాయి, ఆ తర్వాత బ్యాండు మేళం, ఆపైన చెట్టుకు కోను మైకులు కట్టి రికార్డులు వేసే మైకుసెట్టు... ఇవన్నీ చూసిన పెద్దలు పల్లెల్లో ఇంకా ఉన్నారు. మైకుసెట్టు చెడిపోతే పాట ఆగేది, అంతే. డీజే సంగతి వేరు. బండి నిండా బాక్సులు, లైట్లు, వెనుక జనరేటరు, చుట్టూ చిందులు వేసే జనం. ఇక్కడ తేడా వస్తే పాట ఆగడంతో పోదు. ఠాణా దాకా వెళ్ళవచ్చు, ప్రాణాల మీదికీ రావచ్చు.

ఒకే ముహూర్తం... ఒకే బండి

ఆషాఢంలోనూ, మూఢాల్లోనూ డీజే బండ్లు షెడ్డులోనే ఉంటాయి. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం వచ్చాయంటే వాటికి తీరిక ఉండదు. మంచి ముహూర్తం ఉన్న రోజున మండలంలోని బండ్లన్నీ కలిపినా చాలవు. ఇదే అదనుగా కొందరు ఉన్న ఒక్క బండికి రెండు మూడు చోట్ల బయానా తీసుకుంటున్నారు. చివరి గడియలో ఊరూపేరూ తెలియని మరో బండిని పంపడమో, ఫోను ఎత్తకపోవడమో చేస్తున్నారు. మధ్యవర్తుల ద్వారా కుదుర్చుకున్నప్పుడు ఈ బెడద మరీ ఎక్కువ. బయానా తీసుకున్న వాడికి సొంత బండే ఉండదు.

అందువల్ల మొదటగా తేల్చుకోవలసింది, మాట్లాడుతున్న మనిషి బండి యజమానా, మధ్యవర్తా అన్నది. సామాను ఉన్న చోటికి వెళ్ళి కళ్ళారా చూడాలి. గడిచిన ముహూర్తాల్లో ఏయే ఊళ్ళలో వాయించాడో అడిగి, అందులో ఒకటి రెండు పెళ్ళిళ్ళ వారిని విచారించాలి. పాటలు బాగున్నాయా అని మాత్రమే అడిగితే చాలదు. "అనుకున్న వేళకు వచ్చాడా? సౌండు తగ్గించమంటే తగ్గించాడా? చివర్లో అదనపు పైకం అడిగాడా?" ఈ మూడు ప్రశ్నలకు వచ్చే జవాబులతో ఆ డీజే ఎలాంటివాడో తెలిసిపోతుంది. వీలైతే మరో పెళ్ళిలో వాయిస్తుండగా వెళ్ళి చూడటం ఇంకా మంచిది.

కాగితం మీద రాసుకోవాలి

నోటి మాట మీద కుదిరిన బేరాల్లోనే తగాదాలు ఎక్కువ. కిరాయిలో జనరేటరు కలిసిందా, డీజిలు ఎవరు పోయించాలి, లైట్లకు వేరే ఇవ్వాలా, బరాత్ ఆలస్యమైతే గంటకు ఎంత అన్నవి ముందే తేల్చుకోకపోతే పెళ్ళికొడుకు బండి ఎక్కిన తర్వాత పేచీ మొదలవుతుంది. అప్పుడు పదిమందిలో పరువు కోసం అడిగినంతా ఇవ్వక తప్పదు.

తేదీ, వేళలు, ఊరు, బండి నంబరు, బాక్సులు ఎన్ని, మొత్తం కిరాయి, ఇచ్చిన బయానా, మిగతాది ఎప్పుడివ్వాలి, బండి రాకపోతే బయానా ఎన్నాళ్ళలో తిరిగి ఇవ్వాలి... ఇవన్నీ తెల్ల కాగితం మీద రాసుకుని ఇరువురూ సంతకాలు చేయాలి. ఆంప్లిఫైయరో, ల్యాప్‌టాపో మొరాయిస్తే మారుది ఉందో లేదో కూడా అడగాలి. బయానా ఫోను ద్వారా పంపితే ఆ రుజువు దాచుకోవాలి.

ఈ కాగితం ఉంటే మోసపోయిన వారికి దారి ఉంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపు అయితే ఫిర్యాదుకు రుసుము లేదు. 1915 నంబరుకు ఫోను చేసి సలహా కూడా పొందవచ్చు.

రాత్రి పది దాటితే...

శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు 2000 సంవత్సరం నుంచి అమలులో ఉన్నాయి. వాటి ప్రకారం లౌడ్‌స్పీకర్ వాడాలంటే రాతపూర్వక అనుమతి ఉండాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 గంటల వరకు ఆరుబయట వాడరాదు. సుప్రీంకోర్టు కూడా 2005 జూలైలో ఇచ్చిన తీర్పులో రాత్రి పూట ఈ నిషేధాన్ని గట్టిగా చెప్పింది. ఆస్పత్రులు, బడులు, న్యాయస్థానాల చుట్టూ 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా పరిగణిస్తారు. హైదరాబాద్ నగర పోలీసులు 2024 అక్టోబరులో మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను ఏకంగా నిషేధించారు.

"పర్మిషన్ మేం చూసుకుంటాం" అనే డీజే మాట నమ్మి ఊరుకోరాదు. పెళ్ళివారే ముందుగా ఠాణాకు వెళ్ళి అడిగి, అనుమతి పత్రం దగ్గర పెట్టుకోవాలి. బరాత్ తొందరగా బయలుదేరేలా చూసుకోవాలి. పది గంటలకు తనంతట తాను ఆపేస్తానని ముందే చెప్పే డీజే నమ్మదగినవాడు. "ఎంత రాత్రయినా ఫరవాలేదు" అనేవాడి వల్ల పెళ్ళింటివారికీ చిక్కులే.

ఇళ్ళ మధ్య పగటి శబ్దం 55 డెసిబెల్స్ దాటకూడదని నిబంధన. ఇద్దరు మామూలుగా మాట్లాడుకుంటేనే 60 వరకు ఉంటుంది. బాక్సుల ఎదుట నిలబడితే 100 దాటడం మామూలే. 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటల వరకు వినవచ్చుననీ, 90 అయితే 4 గంటలే మంచిదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. పసిపిల్లలను, బాలింతలను, గుండెజబ్బు ఉన్నవారిని బాక్సుల దగ్గరకు రానీయరాదు.

తలపైన తీగలు

అన్నింటికన్నా పెద్ద ప్రమాదం కరెంటుతో. 2024 ఆగస్టులో బీహార్ రాష్ట్రం వైశాలి జిల్లాలో శివభక్తుల డీజే బండి పైనున్న హైటెన్షన్ తీగకు తగిలి కనీసం ఎనిమిది మంది మరణించారు. మన పల్లెల్లోనూ దారికి అడ్డంగా వేలాడే తీగలు ఎన్నో. బాక్సు మీద బాక్సు పేర్చి, దానిపైన లైట్ల స్టాండు బిగించిన బండి ఎంత ఎత్తు ఉంటుందో ముందే కొలిపించాలి. పెళ్ళికి ఒకటి రెండు రోజుల ముందు పగటిపూట బరాత్ దారి వెంట ఒకసారి నడిచి చూసి, తీగలు కిందికి జారి ఉంటే లైన్‌మన్‌కు చెప్పాలి. 1912కు ఫోను చేసినా సరిపోతుంది. స్తంభం మీది తీగలకు కొక్కేలు తగిలించి కరెంటు తీసుకునే డీజేను పిలవకపోవడమే మేలు. బండి పైకి పిల్లలను ఎక్కనీయరాదు.

పాటలతో పేచీ

బరాత్‌లలో కొట్లాటలు చాలావరకు పాట దగ్గరే మొదలవుతాయి. ఈ పాట వేయమని ఒకరు, వద్దని ఒకరు. పార్టీ పాటలు, కులం పేరెత్తే పాటలు, ఆడవాళ్ళు తలదించుకునే పాటలు వేయరాదని ముందే చెప్పి జాబితా ఇవ్వాలి. ఇంటి తరఫున ఒక్క మనిషిని నియమించి, ఆయన మాటే వినాలని ఆపరేటర్‌కు చెప్పాలి. "తమ్మీ, జర సౌండు తగ్గియ్యి" అని ఆ ఒక్కరు అంటే తగ్గాలి. తాగిన కుర్రాళ్ళు పది మంది పెంచమన్నా పెరగకూడదు.

పెళ్ళిలో సినిమా పాటలు వేసినందుకు లైసెన్సు రుసుము కట్టాలని ఎవరైనా అడిగితే కంగారు పడనవసరం లేదు. పెళ్ళికి, పెళ్ళి ఊరేగింపుకు 1957 నాటి కాపీరైట్ చట్టంలోనే మినహాయింపు ఉంది. కేంద్ర ప్రభుత్వం 2023 జూలైలో ఈ సంగతి మళ్ళీ స్పష్టం చేసింది. పుట్టినరోజు పార్టీల వంటి వాటికి ఇది వర్తించదు.

డీజేల గోడు

తప్పంతా డీజేలదే అనడానికీ వీల్లేదు. వీరిలో చాలామంది అప్పు చేసి సామాను కొన్న పల్లె కుర్రాళ్ళే. బరాత్ ముగిశాక మిగతా పైకం ఎగ్గొట్టే పెళ్ళిళ్ళున్నాయి. మిక్సరు మీద బీరు ఒలకబోసేవారు, పది దాటినా ఆపనీయకుండా బండికి అడ్డం నిలిచేవారు ఉన్నారు. పోలీసులు సామాను పట్టుకుపోతే నష్టపోయేది ఆ కుర్రాడు. వేళకు డబ్బు, ఆపరేటర్‌కూ కూలీలకూ ఇంత అన్నం, తాగినవారి నుంచి రక్షణ చూడటం పెళ్ళివారి బాధ్యత. అలా చూసుకునే ఇంటికి, మరుసటి ఏడు చెల్లెలి పెళ్ళికి, ఎన్ని బయానాలు వచ్చినా ఆ డీజే మొదట వస్తాడు.

పందిరి గుంజ పాతకముందే ఒక పూట తీరిక చేసుకుని, నలుగురిని విచారించి కాగితం రాసుకుంటే చాలు. బరాత్ నాడు ఇంటి పెద్ద డీజే కోసం ఫోను పట్టుకుని రోడ్డు మీద నిలబడే పని తప్పుతుంది.