పెరట్లో కినోవా వేస్తారా?

‘‘కినోవా తింటున్నా గదా సార్, మాత్రలు మానేసినా.’’ ఈమధ్య మధుమేహ రోగుల నోట ఈ మాట తరచూ వింటున్నాను. తీరా పరగడుపున షుగర్ చూస్తే 260! ఏం తిన్నా సరే, డాక్టరును అడగకుండా మాత్రలు మానొద్దు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఇక కినోవా మీద మనసుంటే, అంత ధర పెట్టి కొనే బదులు పెరట్లో వేసి చూడండి.

ఇది దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల పంట. ఐక్యరాజ్యసమితి 2013ను కినోవా సంవత్సరంగా ప్రకటించింది. తక్కువ నీటితో వస్తుంది కాబట్టి మన పక్కనే అనంతపురం జిల్లాలోనూ ‘ప్రాజెక్ట్ అనంత’ కింద రైతుల చేత వేయించి చూశారు. పేరు కొత్తదే గానీ తోటకూరకు, పాలకూరకు ఇది చుట్టమే.

పూత మీదున్నప్పుడు ఎండ 35 డిగ్రీలు దాటితే గింజ సరిగా పట్టదు. వాల్మీకిపురం, మదనపల్లె వైపు చలికాలం దీనికి బాగా కుదురుతుంది. ఈశాన్య రుతుపవనాల వాన ఉధృతి తగ్గాక, నవంబరులో విత్తండి. మూడు నాలుగు నెలల్లో, అంటే ఎండలు ముదిరేలోపే కోతకొస్తుంది.

వంటకు అమ్మే గింజలు పైపొర తీసినవై ఉండొచ్చు. పది గింజల్ని తడిగుడ్డలో చుట్టి చూడండి. నాలుగైదు రోజుల్లో ఏడెనిమిది మొలిస్తే వాడుకోవచ్చు. మట్టిలో నీళ్లు నిలవకూడదు. గింజల్ని ఇసుకతో కలిపి సాళ్లలో చల్లి, సెంటీమీటరుకు మించకుండా మట్టి కప్పండి. సాళ్లు ఎందుకంటే, లేత మొక్క అచ్చం కలుపు తోటకూరలా ఉంటుంది. వెదజల్లితే ఏది పీకాలో తెలియదు! అడుగుకో మొక్క ఉంచి, తీసేసిన లేత మొక్కల్ని పప్పులో వేసుకోండి. కిడ్నీలో రాళ్లున్నవారు మాత్రం ఆ ఆకు తినొద్దు. అందులో ఆక్సలేట్లు ఎక్కువ.

ఆకులు రాలి, గింజ గోటికి నొక్కు పడనంత గట్టిపడ్డాక కంకులు కోసి, ఎండబెట్టి, దులిపి చెరగండి.

అసలు పని ఆ తర్వాతే. గింజ పైపొరలో సపోనిన్లు ఉంటాయి. కుంకుడుకాయకు నురగ తెచ్చేవీ ఇవే. కడగకుండా వండితే చేదు, కొందరికి కడుపులో వికారం. నీళ్లలో రుద్దుతూ నురగ పోయేదాకా ఐదారుసార్లు కడగండి. తర్వాత ఒక గ్లాసుకు రెండు గ్లాసుల నీళ్లు పోసి పావుగంట ఉడికిస్తే చాలు.

వంద గ్రాముల కినోవాలో ప్రొటీన్ దాదాపు 14 గ్రాములు. రాగుల్లో సుమారు 7. కానీ రాగుల్లో కాల్షియం 300 మిల్లీగ్రాముల పైనే, కినోవా ఆ దరిదాపులకు రాదు. ప్రొటీనే కావాలంటే మన ఉలవలు దీన్ని మించాయి, 20 గ్రాములకు పైనే. కాబట్టి సంగటి మానక్కర్లేదు. కినోవాలోనూ 60 గ్రాములకు పైగా పిండిపదార్థమే ఉంది. అన్నం తగ్గించి ఆ స్థానంలో తినాలి తప్ప అన్నం మీద అదనంగా కాదు. కిడ్నీ జబ్బున్నవారు పొటాషియం సంగతి డాక్టరును అడిగాకే మొదలుపెట్టాలి.

పదడుగుల చదరపు మడిలో కిలో గింజలు వస్తే బాగా పండినట్టే. అందులో గుప్పెడు కడగకుండా, బాగా ఎండబెట్టి, వచ్చే నవంబరుకు డబ్బాలో దాచుకోండి.