ట్రాక్టరు ఫ్యాను బెల్టును రైతే మార్చుకొను విధము

దమ్ము పనులు ముమ్మరముగా సాగు దినములలో ట్రాక్టరు నిలిచినచో నష్టము ఆ ఒక్క రోజుతో పోదు. నాటు వెనుకబడి నారు ముదిరిపోవును. అట్లు నిలుచుటకు ఒక్కొక్కప్పుడు కారణము ఫ్యాను బెల్టు తెగుట మాత్రమే. ఇందుకై పట్టణము నుండి మెకానిక్కు రానక్కరలేదు. పానాలు, ఒక రాడ్డు ఉన్న రైతు తానే మార్చుకొనవచ్చును.

అనేక ట్రాక్టర్లలో ఈ ఒక్క బెల్టే ఫ్యానును, నీటి పంపును, మన రైతులు డైనమో అని పిలుచు ఆల్టర్నేటరును త్రిప్పును. బెల్టు తెగినచో ఛార్జింగు దీపము వెలుగును. వేడిని చూపు ముల్లు పైకి పోవును. “ఈ మడి ఒక్కటి ముగించి చూతము” అని నడిపినచో హెడ్ గాస్కెట్టు కాలి, బెల్టు ఖరీదుకు ఎన్నో రెట్లు ఖర్చు మీద పడును. వెంటనే ఆపవలెను. వేడి మీద రేడియేటరు మూత తీయరాదు.

ఇంజను చల్లారిన పిమ్మట తాళముచెవి తీసి, బ్యాటరీ ఎర్తు తీగను విప్పవలెను. ఆల్టర్నేటరు బోల్టులను, దాని సర్దుబాటు పట్టీ బోల్టును వదులు చేసి, ఆల్టర్నేటరును ఇంజను వైపునకు నెట్టినచో బెల్టు సడలును. ఫ్యానును చేతితో త్రిప్పుచు ఒక్కొక్క రెక్క మీదుగా పాతదానిని తప్పించవలెను. కొత్తది అదే నెంబరుదై ఉండవలెను. ఈ బెల్టు పుల్లీ గాడి అడుగున గాక, ప్రక్కలను ఒరసికొని పని చేయును. వెడల్పు చాలనిది అడుగునకు దిగి జారును. స్క్రూడ్రైవరుతో పొడిచి ఎక్కించినచో లోపలి దారములు తెగును.

అసలు మెలకువ బిగువులో ఉన్నది. రాడ్డుతో ఆల్టర్నేటరును బయటికి త్రోసిపట్టి బోల్టులు బిగించవలెను. పుల్లీల నడుమ పొడవైన భాగమును బొటన వ్రేలితో నొక్కినచో సుమారు 12 మిల్లీమీటర్లు, అనగా అర అంగుళము దిగవలెను. ట్రాక్టరుతో వచ్చిన పుస్తకములో వేరు కొలత ఉన్నచో అదే ప్రమాణము. వదులైనచో జారి కీచుమనును. అతిగా బిగిసినచో నీటి పంపు, ఆల్టర్నేటరు బేరింగులు చెడును. కీచుమను బెల్టుకు గ్రీజు పూయువారు కలరు. గ్రీజు రబ్బరును పాడుచేయును, జారుడును పెంచును.

ఎర్తు తీగను తిరిగి బిగించి ఇంజను నడుపుటకు ముందు మెడలోని కండువా తీసి ప్రక్కన పెట్టుడు. తిరుగుచున్న బెల్టు దగ్గరకు చేయి పోనీయరాదు. కొత్త బెల్టు కొంత సాగును కనుక, కొన్ని గంటలు నడిపిన పిదప ఇంజను ఆపి మరల బిగువు చూడవలెను. అదే నెంబరు బెల్టు మరియొకటి పనిముట్ల పెట్టెలో ఉంచుకొనుట మేలు.