ఆంగ్లకవుల లాటిను కవిత్వము

తల్లి ఒడిలో నేర్వని భాషలో కవి తన హృదయమును విప్పి చెప్పగలడా? పూర్వకవుల పలుకుబడిని, ఛందస్సును, కథలను తీసికొని వ్రాసిన పద్యములో కవికి స్వంతమైనది ఏమి మిగులును? సంస్కృతకావ్యములతో పరిచయమున్న మనవారికి ఈ ప్రశ్నలు క్రొత్తవి కావు. 16, 17 శతాబ్దులలో ఇంగ్లండు దేశపు కవులకును ఇవి ఎదురైనవి. ఆంగ్లసాహిత్యమనగానే మనకు షేక్స్పియరు నాటకములు, మిల్టను మహాకావ్యము స్ఫురించును. కాని ఆ కాలపు ఆంగ్లేయులు లాటిను భాషలో విరివిగా పద్యములు వ్రాసిరనియు, తమ జీవితములోని మిక్కిలి ఆంతరంగికమైన మాటలను కొందరు ఆ భాషలోనే చెప్పుకొనిరనియు ఎరిగినవారు తక్కువ. జాన్ మిల్టను వ్రాసిన ఒక శోకకావ్యమును ప్రధానముగా గైకొని ఈ విషయమును విచారింతము.

ముందుగా వారి చదువు ఎట్టిదో తెలిసికొనవలెను. ఆనాటి ఇంగ్లండులో గ్రామరు స్కూలు అనగా లాటిను వ్యాకరణము నేర్పు బడి. బాలుడు వ్యాకరణసూత్రములు వల్లించుటతో మొదలుపెట్టి, క్రమముగా వర్జిలు, ఓవిడు, హోరెసు మొదలగు రోమను కవుల పద్యములను కంఠస్థము చేసెడివాడు. మన పెద్దలు అమరము వల్లించి రఘువంశము పట్టినట్లే యనుకొనవచ్చును. రోజర్ ఆస్కము అను పండితుడు 1570లో వెలువడిన తన గ్రంథములో ఒక బోధనాపద్ధతిని వివరించెను. విద్యార్థి ఒక లాటిను భాగమును ఆంగ్లములోనికి మార్చవలెను. కొంతసేపు గడచిన పిమ్మట, మూలమును చూడక, తాను వ్రాసిన ఆంగ్లమును మరల లాటినులోనికి మార్చవలెను. అప్పుడు గురువు రెంటిని ప్రక్కప్రక్కన నుంచి తప్పులు దిద్దవలెను. ఇట్టి అభ్యాసముచేత ప్రాచీనుల వాక్యములు పిల్లల నాలుకలపై నిలిచిపోయెడివి.

లాటిను ఛందస్సు మనకు సుబోధమే. ఆంగ్లపద్యము ఊనికపై నడచును. లాటిను పద్యము మన పద్యమువలె గురులఘువులపై నడచును. దీర్ఘాక్షరము గురువు, రెండు హల్లులకు ముందున్న అక్షరమును సాధారణముగా గురువే. వర్జిలు తన మహాకావ్యమునకు వాడిన వృత్తములో పాదమునకు ఆరు గణములుండును. మొదటి నాలుగింట భగణమైనను ఉండవచ్చును, రెండు గురువులైనను ఉండవచ్చును. అయిదవది సాధారణముగా భగణము. ఆరవదానిలో రెండక్షరములే యుండును. మన పద్యమునందలి ప్రాసనియమము గాని, అక్షరమైత్రితో కూడిన యతి గాని అందు లేవు. ఈ పాదమునకు, నడుమ విరిగినట్లుండు మరియొక పాదమును జతచేసి, రెండేసి పాదములుగా ఓవిడు తన విషాదగీతములను రచించెను. ఆంగ్లేయుని చెవికి ఈ గురులఘుభేదము సహజముగా పట్టదు. ఏ మాటలో ఏ యక్షరము గురువో పూర్వకవుల ప్రయోగములను బట్టియే అతడు నేర్చుకొనవలెను. కావున ప్రాచీనుల కావ్యములే అతనికి నిఘంటువును, ఛందోగ్రంథమును అయినవి.

ఇంత శ్రమ యెందులకని అడుగవచ్చును. ఆనాడు ఇంగ్లీషు ఒక ద్వీపపు భాష. ఐరోపాఖండములో దానిని చదువగలవారు అరుదు. లాటినులో వ్రాసిన పుస్తకమును పారిసులోని పండితుడును చదువును, రోములోని పండితుడును చదువును. సర్ థామస్ మోరు తన లాటిను చాటువులను 1518లో బేసెలు నగరమున, తన ‘యుటోపియా’తో కలిపి అచ్చొత్తించెను. వానిలో పెక్కు ప్రాచీన గ్రీకు చాటువులకు అనువాదములు. ఆ యనువాదముల నడుమనే, నిరంకుశుడైన రాజునకును ధర్మప్రభువునకును గల భేదమును చూపు పద్యములు కలవు. పాతకాలపు వేషములో చెప్పిన మాటకు, రాజు కొలువులో, కొంత రక్ష యుండుననుకొనవచ్చును. ఆ రక్ష శాశ్వతము కాలేదు. ఎనిమిదవ హెన్రీ రాజును మతాధిపతిగా అంగీకరింపనందున 1535లో మోరు శిరచ్ఛేదమునకు గురియయ్యెను.

ఇక మిల్టను సంగతి. అతడు 1608 డిసెంబరు 9న లండను నగరమున జన్మించెను. సెయింట్ పాల్సు పాఠశాలలో చదువుకొనుచుండగా అతనికి చార్లెస్ డియోడాటి అను బాలునితో గాఢమైన స్నేహము కలిగెను. డియోడాటి వంశమువారు ఇటలీలోని లుక్కా పట్టణమునకు చెందినవారు, తండ్రి వైద్యుడు. పెద్దవారైన పిమ్మట ఒకడు కేంబ్రిడ్జికి, ఒకడు ఆక్స్‌ఫర్డుకు వెళ్లిరి. పదునేడేండ్ల ప్రాయమున మిల్టను కొంతకాలము కళాశాలకు దూరమై లండనులో నుండవలసి వచ్చెను. అప్పుడు, 1626లో, ఓవిడు వాడిన ఛందస్సులోనే మిత్రునకు ఒక పద్యలేఖ వ్రాసెను.

ఓవిడు మహాకవి. క్రీస్తుశకము 8వ సంవత్సరమున అగస్టసు చక్రవర్తి అతనిని నల్లసముద్రతీరమునందలి టోమిసు అను మారుమూల ఊరికి వెడలగొట్టగా, అచ్చటినుండి కన్నీటితో పద్యలేఖలు పంపుచు అచ్చటనే మరణించెను. మిల్టను తన లేఖలో ఆ కథనే తలక్రిందులు చేసెను. నాదియు ప్రవాసమే, కాని పుస్తకములు, నాటకములు, తీరిక గల ఇట్టి ప్రవాసమే ఓవిడునకు దొరకియున్నచో అతడు హోమరునకును తీసిపోకపోవునని కుఱ్ఱకవి కొంటెగా వ్రాసినాడు. ఓవిడు పాఠము బాగుగా వచ్చిన మిత్రునకే ఈ కొంటెతనములోని రుచి తెలియును. ఇద్దరు స్నేహితుల నడుమ పాతకవి ఒక రహస్యసంకేతమువలె పనిచేసినాడు.

1638లో మిల్టను ఇటలీ యాత్రకు బయలుదేరెను. ఫ్లారెన్సు నగరపు పండితసభలలో తన లాటిను పద్యములు చదివి మెప్పు పొందెను. రోమును, నేపిల్సును చూచెను. ఆ సంవత్సరము ఆగస్టు మాసములో, అతడు దేశాంతరమున నుండగనే, డియోడాటి లండనులో మరణించెను. 1639లో మిల్టను ఇంటికి మరలి వచ్చెను. యాత్రావిశేషములు ఎవనికి చెప్పవలెనని మూటగట్టుకొని వచ్చెనో ఆ మిత్రుడు లేడు. ఆ దుఃఖములోనుండి పుట్టినది 219 పాదముల ‘ఎపిటాఫియుం డామోనిస్’ అను లాటిను కావ్యము.

ఈ కావ్యమునకు మిల్టను ఎన్నుకొనిన రూపము గోపగీతము. క్రీస్తుపూర్వము 3వ శతాబ్దిలో సిసిలీ ద్వీపవాసియగు థియోక్రిటసు గ్రీకు భాషలో గొల్లల పాటలు కట్టెను. వర్జిలు అతని ననుసరించి లాటినులో పది గోపగీతములు రచించెను. కవులు గొల్లలై సంభాషించుట, చనిపోయిన మిత్రుని కొరకు కొండలు చెట్లు విలపించుట, తుదకు అతడు దివ్యత్వము నొందుట ఈ సంప్రదాయములో మామూలు. మిల్టను కావ్యములో డియోడాటి డామను అయినాడు. మిల్టను తిర్సిసు అను గొల్ల అయినాడు. ఆకలిగొన్న గొఱ్ఱెపిల్లలను చూచుకొనుటకు తనకిప్పుడు తీరిక లేదని తిర్సిసు వానిని మాటిమాటికి ఇంటికి పంపివేయు పల్లవి కావ్యమంతటను వినవచ్చుచుండును.

ఇంతవరకు అంతయు అనుకరణమే. ఇక వర్జిలు మొదటి గోపగీతమును జ్ఞప్తికి తెచ్చుకొందము. భూమిని పోగొట్టుకొనిన ఒక గొల్ల, టిటిరసు అను మరియొక గొల్లను, నీవు రోమును చూడబోవుటకు అంత పెద్ద కారణమేమని అడుగును. స్వేచ్ఛకొరకని టిటిరసు బదులు చెప్పును. రోమునకు పోయినందున అతని పొలము అతనికి దక్కెను. ఆ కాలపు పాఠశాలలో చదివిన ప్రతి బాలునకును తెలిసిన ఘట్టమిది. మిల్టను ఆ ప్రశ్ననే తీసికొని తన గుండెకు గురిపెట్టుకొన్నాడు. మట్టిలో సమాధియైపోయిన రోమును చూచుట నాకంత ముఖ్యమా? టిటిరసు తన మందను విడిచి చూడబోయిన నాటి వైభవమే దానికి ఇంకను ఉన్నప్పటికిని, అంత విలువ గలదా? అచ్చటికి పోకయున్నచో కడపటి ఘడియలో మిత్రుని చేయి పట్టుకొనియుందును, కనులు మూసియుందును, పోయిరమ్మని చెప్పియుందును. కవి విలాపమునకు తాత్పర్యమిది.

రోమును చూడబోయిన టిటిరసు తన పొలమును నిలుపుకొన్నాడు. మిల్టను మిత్రుని పోగొట్టుకొన్నాడు. వర్జిలు నెరిగిన పాఠకునకు రెండు ప్రయాణములును ఒక్కసారిగా కనబడును. ఆ రెంటి నడుమనున్న ఎడమే కవి దుఃఖము. పైగా సమాధియైన రోము అనునది రోమనుల భాషలోనే చెప్పబడుచున్నది! జీవితమంతయు ప్రాచీన రోమును ఉపాసించిన విద్యార్థి, ఆ యుపాసనకు తాను చెల్లించిన వెలను ఆ భాషలోనే లెక్కవేసికొనుచున్నాడు.

ఇట్టిదే మరియొకటి. డియోడాటి వైద్యవిద్య నభ్యసించినవాడు, మూలికల నెరిగినవాడు. తమ యజమానికే పనికిరాని ఆ మూలికలు, ఆ వైద్యము నశించుగాక యని తిర్సిసు శపించును. అందరికి మేలుచేయు వైద్యము తనకు మాత్రము ఉపకరింపలేదని ఓవిడు కావ్యములో అపోలో దేవుడు వాపోయినది ప్రేమబాధలో. మిల్టను దానిని నిజమైన మరణమునకు అన్వయించెను. వర్జిలు గొల్లలకువలె ఇతనికిని చెక్కడపు పనిగల పాత్రలు రెండు కలవు. నేపిల్సులో వృద్ధుడగు మాన్సో ప్రభువు వానిని బహూకరించెననియు, డామనునకు చూపుటకై దాచితిననియు చెప్పును. ఆ చెక్కడములో మన్మథుడు బాణములను సామాన్యుల గుండెలపైకి గాక పైకెత్తి, ఉన్నతాత్మలవైపు విడుచుచుండును. స్నేహమును ప్రేమగా చెప్పుటకు కవికి కావలసినంత మార్పును ఆ పాతబొమ్మలో చేసికొన్నాడు. వీని నడుమ, శీతకాలపు రాత్రులలో పొయ్యిమీద పండు కాలుచుండగా ప్రక్కన కూర్చుండి ముచ్చటలాడువారెవరను మాట వచ్చును. దానికి ఏ వ్యాఖ్యానమును అక్కరలేదు.

ఈ కావ్యమును మెచ్చనివారును కలరు. డాక్టరు శామ్యూల్ జాన్సను 1779లో వెలువరించిన మిల్టను జీవితములో, ఈ గోపవేషమంతయు పసితనపు అనుకరణమని త్రోసివేసెను. నిజమైన దుఃఖమునకు ఇట్టి కల్పనలతో పనియుండదని అతని యభిప్రాయము. కాదనుట సులభము కాదు. గొల్లపాత్రలు అరిగిపోయిన నాణెములవలె చేతులు మారిన మాట నిజమే. కాని జాన్సను జీవితములోనే ఒక ఘట్టము కలదు. 1783 జూనులో ఒక రాత్రి అతనికి పక్షవాతము సోకినది. తల గందరగోళమై మేల్కొని, దేహమేమైనను బుద్ధిని మాత్రము కాపాడుమని దైవమును ప్రార్థించెను. బుద్ధి నిలిచియున్నదో లేదో పరీక్షించుకొనుటకై ఆ ప్రార్థనను లాటిను పద్యముగా కట్టెను. పద్యములు అంత బాగుగా లేవనియు, బాగుగా లేవని తనకు తెలియుచున్నదనియు తరువాత ఒక లేఖలో వ్రాసెను. అప్పటికి అతని నోట మాట పోయియుండెను. గోపవేషమును నిరసించినవాడే గాని, భయము ముంచుకొని వచ్చినపుడు అతడును బాల్యములో నేర్చిన ఛందస్సునే చేయూతగా పట్టుకొనెను. గణములు సరిపోవుచున్నంతసేపు మనస్సు తన యధీనములో నున్నట్లే!

మిల్టను కావ్యములో మరియొక విశేషము కలదు. డామనునకు చెప్పవలెనని దాచిన సంగతులలో, తాను బ్రిటనుదేశపు పూర్వగాథలపై ఒక మహాకావ్యము వ్రాయదలచిన సంగతియు ఒకటి. అట్లు వ్రాసినచో తన పాత మురళి పైనుచెట్టుకు వ్రేలాడి మరపునబడును, లేదా స్వదేశపు రాగమే పలుకునని చెప్పును. ఒక్కనికి అన్నియు సాధ్యము కావు. బయటి ప్రపంచము తన్నెరుగకపోయినను, థేమ్సు, ట్రెంటు, హంబరు నదుల ఒడ్డున నున్నవారు చదివిన చాలునని సమాధానపడును. లాటినునకు వీడ్కోలును లాటినులోనే పలికినాడు. 1645 అను తేదీతో అచ్చయిన తన పద్యసంపుటములో ఆంగ్లపద్యములను ఒక భాగముగను, లాటిను పద్యములను ఒక భాగముగను కూర్చి, ఈ కావ్యమును లాటిను భాగమునకు చివరనుంచెను. ఆ పిమ్మట అతడు లాటిను పద్యము వ్రాయుట అరుదు. 1649 నుండి ప్రభుత్వపు విదేశభాషా కార్యదర్శిగా లాటిను లేఖలు వ్రాసెను. 1652 నాటికి చూపు పూర్తిగా పోయెను. 1667లో ‘పారడైజ్ లాస్టు’ ఇంగ్లీషులో వెలువడెను. బ్రిటను పూర్వగాథలకు మారుగా ఆదిమానవుని కథను అందుకు గైకొనెను.

ఆ మహాకావ్యమును థేమ్సు ఒడ్డువారే గాక లోకమంతయు చదివినది. లాటిను మురళి మూగవోయినది. కాని చేయి పట్టుకొనలేకపోయిన మిత్రునకు చెప్పవలసిన మాటలను మిల్టను ఇంగ్లీషులోనికి మార్చలేదు. చిన్ననాడు ఇద్దరును కలిసి నేర్చుకొనిన భాషలోనే అవి ఈనాటికిని ఉన్నవి.