గాడిలో దాచిన గుర్తు

పోయిన వేసవిలో ఒక శనివారం, ఎండ ముదరకముందే, టెక్సస్‌లో ప్లేనోలోని మా గరాజ్‌కి ఆరుగురు పిల్లలు వచ్చారు. హామ్ (అభిరుచి రేడియో) లైసెన్సు పరీక్షకి చదువుతున్న తెలుగు పిల్లలు. నెలకి రెండుసార్లు వాళ్లకి టంకం వేయడం, ఓమ్ సూత్రం నేర్పిస్తుంటాను. ఆ రోజు పాఠం పక్కనపెట్టి, బల్ల మీదున్న నల్లటి అల్యూమినియం పెట్టెకి కరెంటిచ్చాను. ఛానెల్ స్విచ్‌ని నాలుగో అంకె దగ్గర పెట్టాను. లోపల మోటారు గుయ్యిమంది. ముందు పలక మీది నాబ్‌లన్నీ ఎవరూ ముట్టకుండానే ఒక్కసారిగా తిరగసాగాయి. ఒక వైపు తిరిగి, ఆగి, మళ్లీ వెనక్కి తిరిగాయి. వాటిలో ఒకటి టక్కుమని ఆగింది. కాసేపటికి ఇంకొకటి. చివరిది కూడా ఆగాక మోటారు సద్దుమణిగింది. అంతా కలిపి పాతిక సెకన్లు.

"అంకుల్, ఇందులో చిప్పేమీ లేదన్నారుగా? మరి ఎక్కడ ఆగాలో దానికెలా గుర్తుంది?" అని అడిగింది పదకొండేళ్ల అమ్మాయి.

అప్పటికి తోచిందేదో చెప్పాను. ఆ జవాబు చాలలేదని పిల్ల ముఖంలోనే తెలిసిపోయింది. ఆ బాకీ ఇప్పుడు తీరుస్తున్నాను.

ఆ పెట్టె పేరు ఏఆర్‌టీ-13. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా విమానాల కోసం కాలిన్స్ రేడియో కంపెనీ రూపొందించిన ట్రాన్స్‌మిటర్. సుమారు 2 నుంచి 18 మెగాహెర్ట్జ్ వరకు, నూరు వాట్ల దాకా శక్తితో పలుకుతుంది. చివరి దశలో 813 అనే లావుపాటి వాల్వు, గొంతుని మోయడానికి ఒక జత 811లు. మధ్య దశల్లో 1625లు ఉన్నాయి. ఆ నంబరు కొత్తగా వినిపించవచ్చు గానీ, అది మన పాత హామ్‌లు ప్రాణంగా చూసుకున్న 807కి కవల పిల్లే. హీటరుకి 6.3 వోల్టుల బదులు 12.6 కావాలి, అడుగున పిన్నులు అయిదు కాక ఏడు. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో రేడియో సామాన్ల కోసం తిరిగిన నాకు, డిస్పోజల్ సరుకులో 1625 కనబడితే చుట్టపు ఊళ్లో అడుగుపెట్టినట్టే ఉంటుంది.

ఈ యంత్రం గొప్పతనం అర్థం కావాలంటే ముందు దీని ప్రత్యర్థిని చూడాలి. జనరల్ ఎలక్ట్రిక్ తయారుచేసిన బీసీ-375 అప్పటికే బాంబర్లలో స్థిరపడి ఉంది. దాంట్లో ఒక ఫ్రీక్వెన్సీ పట్టీ నుంచి ఇంకో పట్టీకి మారాలంటే, బరువైన ట్యూనింగ్ యూనిట్ పెట్టెని పెకలించి ఇంకో పెట్టెని దోపాలి. అక్కర్లేని పెట్టెలన్నీ విమానంలో పక్కన అరల్లో ఉండేవి. దోపాక, కాయితం మీది పట్టిక చూసి నాబ్ పెట్టాలి, మీటరు ముల్లు చూస్తూ యాంటెన్నాని సరిచేయాలి. మైనస్ డిగ్రీల చలిలో, చేతికి తొడుగులతో, విమానం ఊగుతుంటే! పైగా దాని ఆసిలేటరు నేరుగా పవర్ దశని నడిపేది కాబట్టి, యాంటెన్నా కాస్త కదిలినా వోల్టేజి కాస్త తగ్గినా స్వరం జారేది. నేను బీసీ-375ని తక్కువ చేయను, ఎన్నో ప్రాణాలు దాని మీద ఆధారపడ్డాయి. కానీ యుద్ధం అయ్యాక హామ్‌లు దాన్ని ఎక్కువగా కొన్నది విప్పడానికే. ట్యూనింగ్ పెట్టెల్లోని కండెన్సర్లు మంచివి, పెట్టెలు కూడా మంచివి.

కాలిన్స్ మనుషులు ఈ చిక్కుని ఇంకోలా చూశారు. ట్రాన్స్‌మిటర్‌ని ట్యూన్ చేయడమంటే చివరికి కొన్ని కడ్డీలని కొన్ని కోణాల దగ్గర ఆపడమే కదా? ఆపరేటరు నేల మీద, తీరిగ్గా, ఒక్కసారి సరిగ్గా ఆపితే చాలు. ఆ కోణాల్ని యంత్రమే దాచుకోవాలి. దాచుకోవడానికి వాళ్లు లోహపు వలయాల్ని ఎంచుకున్నారు. ఆ ఏర్పాటు పేరు ఆటోట్యూన్.

ప్రతి నాబ్ వెనకా ఉన్న కడ్డీ మీద, గాజులు తొడిగినట్టు, ఛానెల్‌కొకటి చొప్పున వలయాలు వరసగా ఉంటాయి. ప్రతి వలయం అంచునా ఒక్కటే గాడి. నాబ్ మధ్యలోని తాళం వదులు చేస్తే వలయాలు కడ్డీ మీద జారగలవు, బిగిస్తే అన్నీ కడ్డీతో కలిసి ఒకే ముద్దగా తిరుగుతాయి. వలయాల ఎదురుగా, ఒక్కోదానికి ఒక్కో చిన్న కొక్కెం కాచుకుని ఉంటుంది. సైకిల్ ఫ్రీవీల్‌లో టిక్కుటిక్కుమనే ముక్కల్లాంటిదే ఇదీ.

నాలుగో ఛానెల్ అడిగామనుకోండి. మోటారు మొదట ఒక వైపు తిరుగుతుంది. ఆ తిరుగుడులో తేలేది ఒక్కటే: ఏ కొక్కేనికి కిందికి వాలే అనుమతి ఉందో. నాలుగోదాని వంతు రాగానే లోపలి స్విచ్ మోటారుని వెనక్కి మళ్లిస్తుంది. ఇప్పుడు కడ్డీ రెండో వైపు తిరుగుతుంది, నాలుగో కొక్కెం నాలుగో వలయం అంచు మీద పాకుతూ ఉంటుంది. గాడి ఎదురైన క్షణాన అందులో పడుతుంది. కడ్డీ ఆగిపోతుంది. మోటారు మాత్రం ఆగదు, ఎందుకంటే మిగిలిన నాబ్‌లు ఇంకా తమ చోటు వెతుక్కుంటున్నాయి. ఆగిన కడ్డీకి, తిరిగే మోటారుకి మధ్య జారే క్లచ్ ఉంది. ముందొచ్చిన వాళ్లు వెనకొచ్చే వాళ్ల కోసం నిలబడ్డట్టు, ఒక్కో కడ్డీ ఆగి ఎదురుచూస్తుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఆ వెనక్కి తిరగడంలో ఉంది. పాత సైకిల్ హ్యాండిల్ పట్టుకుని మెకానిక్ "ప్లే ఉంది సార్" అంటాడు చూడండి, ఆ ప్లే పళ్లచక్రాలున్న ప్రతి యంత్రంలోనూ ఉంటుంది. ఎడమ నుంచి వచ్చి ఆగితే ఒకచోట, కుడి నుంచి వచ్చి ఆగితే వెంట్రుకవాసి తేడాతో ఇంకోచోట. రేడియోకి ఆ వెంట్రుకవాసే పెద్ద తప్పు. ప్లేని పూర్తిగా చంపాలంటే ఖర్చు భరించలేం. కాలిన్స్ మనుషులు దాన్ని చంపే ప్రయత్నం మానేశారు. ఎక్కడినుంచి బయల్దేరినా సరే, చివరి అడుగు ఎప్పుడూ ఒకే వైపు నుంచి వేయించారు. అప్పుడు ప్లే ఉంటే ఉంది, ప్రతిసారీ ఒకే వైపు ఒకేలా ఉంటుంది, గాడి పెట్టిన రోజున కూడా అలానే ఉంది. తప్పు మారకుండా ఉంటే అది లెక్కలోంచి పోతుంది. నేను ఇంజనీరింగు కాలేజీలో నాలుగేళ్లు చదివినా ఈ ముక్క నాకు ఒంటబట్టింది ఈ పెట్టె దగ్గరే.

సన్నగా సరిచేసే నాబ్ ఒక్క చుట్టుతో ఆగదు, ఎన్నో చుట్లు తిరుగుతుంది. మరి గాడి ప్రతి చుట్టులోనూ ఎదురవుతుందిగా? దానికి చుట్లు లెక్కపెట్టే ఇంకో చక్రం ఉంది. తగిన చుట్టు వచ్చేదాకా అది కొక్కేన్ని పడనివ్వదు. తర్వాతోసారి ఈ మాట చెబుతున్నప్పుడు ఆ అమ్మాయి కళ్లు మెరిశాయి. "అంటే రెండు తాళాలా అంకుల్?" అంది. అవును తల్లీ, రెండు తాళాలు.

ఇక నా పెట్టె సంగతి. కొని తెచ్చిన రోజున మోటారు తిరిగింది గానీ నాబ్‌లు ఎక్కడా ఆగలేదు. దశాబ్దాల కిందటి గ్రీజు గట్టిపడి వార్నిష్‌లా మారింది, కొక్కేలు అందులో ఇరుక్కుపోయాయి. అన్నీ విప్పి కడగడం తేలిక మార్గం. కానీ విడదీశానంటే వలయాలు చోటు తప్పుతాయి, పాత గుర్తులన్నీ పోతాయి. విప్పకుండా చేద్దామనుకున్నాను. మూడు వారాలు, రాత్రి భోజనాలయ్యాక, సన్నని కుంచెతో కిరసనాయిలు అద్దుతూ, ఒక్కో కొక్కేన్ని వేలిగోటితో కదుపుతూ కూర్చున్నాను. నాలుగో వారం మొదటి కొక్కెం దానంతటది గాడిలో పడిన చప్పుడు వినిపించింది.

విద్యుత్తు వేరే కథ. విమానంలో 28 వోల్టులతో తిరిగే డైనమోటర్ దీనికి 400 వోల్టులు, 1150 వోల్టులు ఇచ్చేది. ఎత్తుకి పోయేకొద్దీ గాలి పలచబడి నిప్పురవ్వలు సులువుగా దూకుతాయని, గాలి పీడనాన్ని కనిపెట్టే స్విచ్ ఒకటి ఆ 1150ని 750కి దించేది. ప్లేనోలో ఆ బెంగ లేదు. ఇంటి కరెంటు నుంచి ట్రాన్స్‌ఫార్మర్లతో కొత్త సప్లై కట్టుకున్నాను. పాత కాయితపు కండెన్సర్లు మార్చి, వోల్టేజిని మెల్లమెల్లగా పెంచాను. ఇలాంటి పని పెట్టుకునే వాళ్లకి ఒక్క మాట: 1150 వోల్టులు రెండో అవకాశం ఇవ్వవు. స్విచ్ ఆపాక కూడా, కండెన్సర్లు ఖాళీ అయ్యాయని మీటరు చెప్పేదాకా ఒక చెయ్యి జేబులోనే ఉండాలి.

యుద్ధం ముగిసి, 1945 నవంబరు నుంచి అమెరికా హామ్‌లు మళ్లీ గాలిలోకి వచ్చాక ఈ సరుకు సంతల్లోకి చేరింది. సోవియట్ వాళ్లు తమ నేల మీద దిగిన అమెరికా బీ-29 బాంబర్లని చూసి టీయూ-4 బాంబరు కట్టినప్పుడు లోపలి ఈ ట్రాన్స్‌మిటర్‌ని కూడా నకలు చేసుకున్నారు. ఈ ట్రాన్స్‌మిటర్ చేసిన కంపెనీ స్థాపకుడు ఆర్థర్ కాలిన్స్ కూడా హామే. 1925లో, పదిహేనేళ్ల వయసులో, అయోవాలోని తన ఇంటి నుంచి ఉత్తర ధ్రువం వైపు వెళ్లిన మెక్‌మిలన్ యాత్రతో మాట్లాడినవాడు. 1950లలో ఆయన కంపెనీ మా పక్క ఊరు రిచర్డ్‌సన్‌కి విస్తరించింది. తర్వాత అపోలో నౌకల రేడియోలు, కంప్యూటర్ల మీద పెట్టి పోగొట్టుకున్న డబ్బు, రాక్‌వెల్ చేతికి వెళ్లడం అన్నీ జరిగాయి. కాలిన్స్ 1987లో డల్లాస్‌లో పోయాడు. ఈ వైపు టెలికాం ఉద్యోగాల కోసం వచ్చిన తెలుగువాళ్లు చాలామంది ఆ కంపెనీ బోర్డు ముందు నుంచి రోజూ వెళ్లినవాళ్లే. నేనూ వెళ్లాను, ఈ పెట్టె దొరికేదాకా ఆ పేరు పట్టించుకోలేదు.

ఇక్కడి చట్టం పాత యంత్రాల మీద దయగానే ఉంది. 1977 ఏప్రిల్ 15కి ముందు తయారైన హామ్ ట్రాన్స్‌మిటర్లకి 30 మెగాహెర్ట్జ్ లోపు ఇప్పటి కొత్త శుద్ధత కొలతల నుంచి మినహాయింపు ఉంది. పెరటి కంచె నుంచి ఓక్ చెట్టుకి కట్టిన తీగతో, రాత్రిపూట 3885 కిలోహెర్ట్జ్ దగ్గర ఏఎమ్‌లో పలుకుతున్నాను. 813 వెలుగుతుంటే గరాజ్ గోడ మీద నారింజ రంగు పడుతుంది.

వలయాల్ని విడదీయలేదు కాబట్టి ఎవరో ఎప్పుడో దాచిన ఛానెళ్లు అలానే ఉన్నాయి. ప్రతి సెట్టుకీ దాని సొంత అమరిక పుస్తకం ఉండేది, నంబర్లు సరిపోవాలి. నా అదృష్టం, నాదానికి సరిపోయింది. పిల్లలూ నేనూ కలిసి నాబ్ అంకెల్ని అందులో వెతికి, ఆ మనిషి ఏయే ఫ్రీక్వెన్సీలు పెట్టుకున్నాడో కాయితం మీద రాశాం. నాకు కావలసినవి మూడే. వాటి కోసం, కొక్కెం పట్టి ఉంచిన వలయం ఒక్కటే జారేలా తాళం వదులు చేస్తూ, ఒకటి, రెండు, మూడు ఛానెళ్ల వలయాల్ని మాత్రం మార్చుకున్నాను. నాలుగు నుంచి అవతలివి ముట్టుకోలేదు. పిల్లలు వచ్చిన ప్రతిసారీ ఆ అమ్మాయి ముందుగా స్విచ్‌ని ఏడో అంకె దగ్గర పెట్టి, నాబ్‌లు తిరిగి తిరిగి ఆ పేరు తెలియని ఆపరేటరు ఆపిన చోటనే ఆగేదాకా చూస్తుంది.