జావా సర్టిఫికేషన్ కోచింగ్: డెమో క్లాసులో నేను అడగాల్సి ఉండి అడగని ప్రశ్నలు

ఇక్కడ నేను ఎక్కువగా ఫోన్ల గురించే రాస్తుంటాను. కానీ ఈమధ్య నాకొచ్చే మెసేజ్‌ల్లో కెమెరా, బ్యాటరీల కన్నా ఎక్కువగా కనిపిస్తున్న ప్రశ్న ఇంకోటి ఉంది: "అన్నా, జావా సర్టిఫికేషన్ కోచింగ్‌లో చేరొచ్చా? డబ్బులు దండగ అవుతాయా?" నాకు పగలు జావా ఉద్యోగం, రాత్రిళ్లు రివ్యూలు. పైగా ఆ పరీక్ష ఒకసారి ఫెయిలై, తర్వాత పాసైనవాణ్ణి. కాబట్టి ఈసారి ఫోన్ పక్కనపెట్టి కోర్సు సంగతి చూద్దాం.

ముందు పరీక్ష గురించి. మన సీనియర్లు ఎస్‌సీజేపీ అని చెప్పుకునేది దీని పాత రూపమే. అప్పట్లో సన్ మైక్రోసిస్టమ్స్ నడిపేది. 2010లో సన్‌ని ఒరాకిల్ కొనేశాక ఒరాకిల్ సర్టిఫైడ్ ప్రొఫెషనల్ అయింది, పొట్టిగా ఓసీపీ. జావా 8కి ఓసీఏ, ఓసీపీ అని రెండు మెట్లు ఎక్కాలి. జావా 17కి ఒకటే పరీక్ష, దాని కోడ్ 1జెడ్0-829. మొత్తం 50 ప్రశ్నలు, 90 నిమిషాలు, పాస్ మార్క్ 68 శాతం. అంటే 34 కరెక్ట్ కావాలి, ప్రశ్నకి రెండు నిమిషాలు కూడా రావు. చిన్న కోడ్ ముక్క ఇచ్చి ఔట్‌పుట్ ఏంటి, అసలు కంపైల్ అవుతుందా అని అడగడమే ఎక్కువ.

2023లో బీటెక్ అయ్యాక అమీర్‌పేటలో చేరాను. మైత్రీవనం చుట్టుపక్కల తిరిగినవాళ్లకి ఆ వాతావరణం చెప్పక్కర్లేదు. చేతికి పాంప్లెట్లు, మెట్ల నిండా బ్యానర్లు, జిరాక్స్ షాపులో ఎవరో రాసుకున్న క్లాస్ నోట్స్ కట్టలు. కోర్సు ఫీజు, పరీక్ష ఫీజు రెండూ అమ్మ చీటీ పాడి ఇచ్చిన డబ్బే. నేను చేరిన చోటు పేరు చెప్పను. సార్ పాఠం బాగానే చెప్పేవారు, అది ఒప్పుకోవాలి. కలెక్షన్స్, థ్రెడ్స్ అంత తేలిగ్గా ఇంకెవరూ చెప్పలేదు నాకు. కాకపోతే క్లాస్ నోట్స్ జావా 8 దగ్గరే ఆగిపోయాయి. రికార్డులు, సీల్డ్ క్లాసులు, టెక్స్ట్ బ్లాకులు ఎప్పుడని అడిగితే, "అవన్నీ ఎందుకు బాబూ, చివర్లో పీడీఎఫ్ ఇస్తాం, మూడుసార్లు చదువుకో చాలు" అన్నారు.

ఆ పీడీఎఫే డంప్. పాత పరీక్షల్లో వచ్చాయని చెప్పే ప్రశ్నలు, పక్కన జవాబు అక్షరం. నేను మూడుసార్లు కాదు, ఆరుసార్లు చదివా. ప్రశ్న మొదటి లైన్ చూడగానే 'సి' అనేంత వరకు వచ్చింది. పరీక్షలో 54 శాతం వచ్చింది.

ఎక్కడ దెబ్బతిన్నానో చెప్తా. అసలు ప్రశ్నలు బయటపెట్టకూడదని పరీక్షకి ముందే ఒప్పుకుంటాం, అందుకే ఇది నేను తయారుచేసిన ఉదాహరణ. ఒక రికార్డుకి పారామీటర్లు లేని కాంపాక్ట్ కన్‌స్ట్రక్టర్ రాసి, లోపల 'దిస్ డాట్ ఏజ్'కి విలువ ఇచ్చారనుకోండి. కంపైల్ అవ్వదు. అదే కన్‌స్ట్రక్టర్‌కి బ్రాకెట్లు పెట్టి పారామీటర్లన్నీ రాస్తే, ఆ లైన్ ఉండి తీరాల్సిందే, లేకపోతేనే ఎర్రర్. రెండు కోడ్‌లకీ తేడా ఒక్క జత బ్రాకెట్లు. డంప్ బట్టీపట్టినవాడి కన్ను ఆ బ్రాకెట్ల మీద పడదు, నాది పడలేదు కూడా. ఇంటీజర్లూ అంతే. రెండు ఇంటీజర్ వేరియబుల్స్‌లో 127 పెట్టి == తో పోలిస్తే ట్రూ, 128 పెడితే మామూలుగా ఫాల్స్. మైనస్ 128 నుంచి 127 వరకు జావా ఆబ్జెక్టుల్ని దాచుకుని మళ్లీ వాడుతుంది కాబట్టి. ఈ సంగతి తెలిస్తే అంకె ఎలా మార్చినా ఇబ్బంది లేదు. తెలియకపోతే 'సి'.

ఇంకో మాట. డంప్‌తో రాసినట్టు తేలితే సర్టిఫికెట్ రద్దు చేసే హక్కు ఒరాకిల్‌కి ఉంది. నాకు ఇది ఫెయిలయ్యాకే తెలిసింది. పాసై ఉంటే ఇంకా పెద్ద చిక్కులో పడేవాణ్ణేమో.

అమ్మకి ఫోన్ చేసి చెప్పడానికి రెండు రోజులు పట్టింది. "మళ్లీ ఎంత కట్టాలి?" అని మాత్రమే అడిగింది.

రెండోసారి కోచింగ్‌కి వెళ్లలేదు. జీన్ బోయార్‌స్కీ, స్కాట్ సెలికాఫ్ రాసిన స్టడీ గైడ్ కొన్నా, ఎన్‌థువేర్ మాక్ టెస్టులు తీసుకున్నా. తప్పైన ప్రతి ప్రశ్ననీ చేత్తో టైప్ చేసి రన్ చేయడమే నేను పెట్టుకున్న రూల్. ల్యాప్‌టాప్ ఎప్పుడూ ఉండదు కదా, ఫోన్‌లో టెర్మక్స్ వేసుకుని అందులో ఓపెన్‌జేడీకే 17 ఇన్‌స్టాల్ చేశా. మెట్రోలో మియాపూర్ వెళ్లేలోపు రెండు మూడు ప్రోగ్రాములు అయ్యేవి. కీబోర్డ్‌లో కర్లీ బ్రాకెట్ల కోసం వెతుక్కోవడం నరకమే, అయినా గేమింగ్ కన్నా ఆ ఫోన్‌కి అదే మంచి పని. మూడు నెలల తర్వాత 72 శాతం.

మరి కోచింగ్ వద్దా అంటే, అలా అనను. సందేహం అడగడానికి మనిషి కావాల్సినవాళ్లకి, ఇంట్లో కూర్చుంటే చదవలేనివాళ్లకి అది పనికొస్తుంది. డెమో క్లాసులు ఎలాగూ ఫ్రీ, అక్కడే తేల్చుకోండి. ఏ పరీక్ష కోడ్‌కి చెప్తున్నారో అడగండి. "ఓసీపీకి" అని ఊరుకుంటే వెర్షన్ ఏదో అడగండి. బోర్డు మీద కోడ్ రాసినప్పుడు ఒక లైన్ మారిస్తే ఏమవుతుందని అడిగి చూడండి. మంచి సార్ అక్కడికక్కడే మార్చి రన్ చేసి చూపిస్తారు. "పాస్ గ్యారంటీ" అన్నచోట ఆ గ్యారంటీ దేనివల్ల వస్తుందో ఆలోచించండి.

ఉద్యోగం విషయం కూడా అడుగుతున్నారు. నా ఇంటర్వ్యూలో సర్టిఫికెట్‌ని ఒక్క క్షణం చూశారు. తర్వాత ట్రై-విత్-రిసోర్సెస్‌లో రెండు ఫైళ్లు తెరిస్తే ముందు ఏది మూసుకుంటుందన్నారు. చివర తెరిచింది ముందు మూసుకుంటుంది. ఎందుకలా అని ఇంకో పావుగంట లాగారు.

ఇప్పుడు మా పిన్ని కొడుకు జావా 21 పరీక్షకి రెడీ అవుతున్నాడు. దాని కోడ్ 1జెడ్0-830, వర్చువల్ థ్రెడ్స్, రికార్డ్ ప్యాటర్న్స్ లాంటివి వచ్చిన వెర్షన్. ఆదివారం దిల్‌సుఖ్‌నగర్‌లో డెమోకి వెళ్తున్నాడు. 127, 128 ప్రోగ్రాం రాసిచ్చి సార్‌ని అడగమన్నా. "ఏమనుకుంటారో అన్నా" అంటున్నాడు.