త్రెవి ఫౌంటెన్ – నీళ్ళు చూపించిన పిల్ల

ఈసారి గోడ పత్రికలో నేను రోమ్ నగరంలో ఉన్న త్రెవి ఫౌంటెన్ గురించి రాస్తున్నాను. రోమ్ ఇటలీ దేశానికి రాజధాని. ఫౌంటెన్ అంటే పార్కులో నీళ్ళు పైకి చిమ్మేది అనుకుంటాం కదా. ఇది అలా ఉండదు. ఒక పెద్ద మేడ గోడ మొత్తం రాతి బొమ్మలతో నిండి ఉంటుంది. దాని కింద బండలు. ఆ బండల మీద నుండి నీళ్ళు జలపాతంలాగా దూకుతాయి. ఎత్తు సుమారు 26 మీటర్లు, వెడల్పు 49 మీటర్లు. మన హాస్టలు మీద ఇంకో హాస్టలు పెట్టినా అంత ఎత్తు రాదు.

అందరూ ఆ బొమ్మల అందం గురించే చెబుతారు. నేను మాత్రం ముందు నీళ్ళ గురించి చెబుతాను. ఎందుకంటే నీళ్ళు వచ్చిన 1,750 ఏళ్ళకు గానీ ఆ బొమ్మలు రాలేదు.

క్రీ.పూ. 19లో అగ్రిప్పా అనే ఆయన ఈ నీటి కాలువ కట్టించాడు. ఆయన అగస్టస్ చక్రవర్తికి స్నేహితుడు, అల్లుడు కూడా. కాలువ పేరు ఆక్వా విర్గో. అంటే కన్య నీళ్ళు అని అర్థం. ఆ పేరు ఎందుకు వచ్చిందో ఫ్రాంటినస్ అనే అధికారి రాసిపెట్టాడు. క్రీ.శ. 97లో రోమ్ నీటి కాలువలన్నీ ఆయన చేతి కిందే ఉండేవి. సైనికులు నీళ్ళ కోసం వెతుకుతుంటే ఒక చిన్న పిల్ల వాళ్ళకు ఊట జాడలు చూపించిందట. ఆ జాడ పట్టుకుని తవ్వితే బోలెడు నీళ్ళు పడ్డాయి. ఊట దగ్గర చిన్న గుడి ఉండేదనీ, అందులో ఈ సంగతి బొమ్మ గీసి ఉండేదనీ కూడా ఆయన రాశాడు. ఇందులో నాకు వింత ఏమీ కనపడలేదు. ఏ ఊట ఎక్కడుందో, ఎండాకాలంలో ఏది ఎండదో రోజూ నీళ్ళకు వెళ్ళే ఆడపిల్లకు తెలీక ఇంకెవరికి తెలుస్తుంది?

కాలువ పొడవు సుమారు 21 కిలోమీటర్లు. అందులో 19 కిలోమీటర్లు భూమి లోపలే సొరంగంలాగా పోతుంది. మోటారు లేదు, కరెంటు లేదు. ఊట నుండి నగరం దాకా కొంచెం కొంచెం వాలు పెట్టుకుంటూ తీసుకువచ్చారు. మధ్యలో ఎక్కడైనా ఎత్తు పెరిగితే నీళ్ళు ముందుకు రావు. కొండ మీది ఊట నుండి ఊళ్ళోకి పైపు దించిన ఊళ్ళ పిల్లలకు ఇది నేను చెప్పక్కర్లేదు. కాకపోతే కొండకు బోలెడు వాలు ఉంటుంది. అక్కడ నేల దాదాపు చదునే. అందుకే వాళ్ళ లెక్క చాలా గొప్పది.

క్రీ.శ. 537లో గోతులు అనే వాళ్ళు రోమ్ నగరాన్ని ముట్టడించి నీటి కాలువలన్నీ తెగ్గొట్టారు. అప్పుడు జరిగిన ఒక సంగతి ప్రొకోపియస్ అనే ఆయన రాశాడు. నీళ్ళు లేని సొరంగంలో గోతులు కొందరు కాగడాలు పట్టుకుని నగరం లోపలికి రాబోయారు. పైన ఉన్న కాపలావాడికి ఒక కన్నంలో నుండి వెలుతురు కనిపించింది. తోటివాళ్ళకు చెబితే, అది తోడేలు కళ్ళ మెరుపులే పోరా అన్నారట. మర్నాడు సేనాపతి బెలిసారియస్ మనుషుల్ని దించి చూపిస్తే దొంగ దారి బయటపడింది. ఆ సొరంగం ఈ కాలువదేనని చరిత్ర చదివినవాళ్ళు చెబుతారు.

నీళ్ళు పోయాక జనం టైబర్ నది ఒడ్డుకు చేరి ఆ నది నీళ్ళే తాగారు. ఎంతో పెద్ద నగరం చిన్నదైపోయింది. ఈ కాలువ మాత్రం భూమి లోపల ఉంది కాబట్టి పూర్తిగా చావలేదు. 1453లో పోపు అయిదవ నికోలస్ బాగు చేయించాడు. 1570లో మళ్ళీ ఊట దాకా బాగు చేశారు.

ఇక ఫౌంటెన్. 1732లో పోపు పన్నెండవ క్లెమెంట్ చెబితే నికోలా సాల్వి అనే ఆయన పని మొదలుపెట్టాడు. డబ్బు లాటరీ నుండి వచ్చింది. సాల్వి 1751లో చనిపోయాడు. వేరేవాళ్ళు 1762లో పూర్తి చేశారు. అంటే 30 ఏళ్ళు! ఈ రకం పనిని బరోక్ శైలి అంటారు. అందులో బొమ్మలు నిలబడి ఊరుకోవు. గుడ్డ ఎగురుతున్నట్టు, గుర్రం దూకుతున్నట్టు ఉంటాయి. మధ్యలో గవ్వ రథం మీద సముద్ర దేవుడు. రెండు గుర్రాల్లో ఒకటి నెమ్మది, ఒకటి పొగరు. సముద్రం కూడా అంతే అని చెప్పడానికట. మన పిల్ల కూడా ఉంది. పైన పక్కగా ఒక పలకలో సైనికులకు ఊట చూపిస్తూ చెక్కి ఉంది. పోపుల పేర్లు పెద్ద పెద్ద అక్షరాలతో ఉన్నాయి. ఆమె పేరు ఎక్కడా లేదు.

పాత రోజుల్లో ఆ నీళ్ళు తాగితే మళ్ళీ రోమ్ వస్తారు అనేవారు. ప్రేమించినవాడు దూరం వెళ్తుంటే అమ్మాయి కొత్త గ్లాసుతో నీళ్ళిచ్చి, తాగాక ఆ గ్లాసు పగలగొట్టేదట. (మనం స్టీలు గ్లాసుతో చేస్తే పగలదు.) ఇప్పుడు అక్కడి నీటినే పంపులతో తిప్పి వాడతారు కాబట్టి తాగరు, నాణెం వేస్తారు. వెనక్కి తిరిగి, కుడి చేత్తో, ఎడమ భుజం మీదుగా వేయాలి. 1954లో దీని మీద ఇంగ్లీషు సినిమా కూడా వచ్చాక ఈ అలవాటు లోకమంతా తెలిసింది.

ఆ నాణేలు ఊరికే పోవు. 2016 ఒక్క సంవత్సరంలోనే సుమారు 14 లక్షల యూరోలు పోగయ్యాయి. అప్పటి లెక్కలో మన డబ్బు 10 కోట్ల రూపాయలు. కారితాస్ అనే సేవా సంస్థ దానితో అక్కడి పేదలకు భోజనం పెడుతుంది, ఇల్లు లేనివాళ్ళకు పడుకునే చోటు ఇస్తుంది. ఒకతను చాలా ఏళ్ళు రాత్రిపూట అయస్కాంతం కట్టిన కర్రతో నాణేలు ఏరుకుని, 2002లో దొరికిపోయాడు. అన్ని ఏళ్ళు అలా సాగిందంటే నమ్మబుద్ధి కావడం లేదు. మన దగ్గరైతే వాచ్‌మన్ తాత మొదటి రాత్రే పట్టుకునేవాడు.

– తొమ్మిదవ తరగతి విద్యార్థిని